సింహహృదయుడి లెక్కలు

రాబిన్ హుడ్ కథ ఏ రూపంలో చదివినా చివర్లో ఒక రాజు వస్తాడు. మారువేషం తీసేసి, దుష్టుడైన తమ్ముణ్ణి పక్కకు నెట్టి, అడవిలో దాక్కున్న మంచివాళ్లను మన్నిస్తాడు. మనలో చాలామందికి ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్‌తో ఉన్న పరిచయం ఇంతే. అది కూడా అతికించిన పరిచయమే. రాబిన్ హుడ్‌ను రిచర్డ్ కాలానికి ముడిపెట్టింది 1521లో జాన్ మేజర్ అనే స్కాట్లండ్ పండితుడు. అప్పటికి రాజు పోయి మూడు వందల ఏళ్లు దాటింది. పాత పాటల్లో రాబిన్ కాలపు రాజు పేరు ఎడ్వర్డ్.

అసలు రిచర్డ్ 1189 నుంచి 1199 దాకా రాజుగా ఉన్నాడు. ఆ పదేళ్లలో ఇంగ్లండ్‌లో గడిపింది అంతా కూడితే ఆరు నెలలు. మాట్లాడేది ఫ్రెంచి. తనదనుకున్న నేల నైరుతి ఫ్రాన్స్‌లోని అక్విటేన్. అయినా లండన్ పార్లమెంటు ముందు గుర్రమెక్కి కత్తి ఎత్తి నిలబడ్డ కంచు విగ్రహం అతనిదే. ‘సింహహృదయుడు’ అన్న బిరుదు ఎనిమిది వందల ఏళ్లుగా వాడిపోలేదు.

ఇతను వీరుడా కాదా అన్న వాదన మామూలుగా గుణగణాల చుట్టూ తిరుగుతుంది. ఒకరు అతని తెగువను లెక్కపెడతారు. ఇంకొకరు పాపాల చిట్టా విప్పుతారు: తండ్రి మీద రెండుసార్లు తిరగబడ్డాడు, పెళ్లాడిన బెరెంగారియాను పట్టించుకోలేదు, వారసుణ్ణి ఇవ్వలేదు, దేశాన్ని పిండి యుద్ధాలు చేశాడు. రెండూ నిజాలే కాబట్టి ఈ తూకం తేలదు. మూడో క్రూసేడ్‌లో (జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన మతయుద్ధాల్లో మూడోది) అతను తీసుకున్న రెండు నిర్ణయాలను దగ్గరగా చూస్తే ఎక్కువ తెలుస్తుందని నాకనిపిస్తుంది. ఒకటి, లొంగిపోయిన 2,700 మంది ఖైదీలను చంపించడం. రెండోది, జెరూసలేం గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరగడం. మొదటిది అతని పేరు మీద మచ్చ అంటారు, రెండోది ఓటమి అంటారు. ఆ రెండూ ఒకే బుర్రలోంచి వచ్చాయన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

క్రూసేడ్ ఎందుకు మొదలైందో క్లుప్తంగా చెబుతాను. 1187 జులైలో హత్తీన్ దగ్గర జెరూసలేం క్రైస్తవ రాజ్యపు సైన్యాన్ని ఈజిప్టు, సిరియాల సుల్తాను సలాదీన్ తుడిచిపెట్టాడు. అక్టోబరుకల్లా జెరూసలేం అతని చేతికొచ్చింది. యూరప్ అదిరిపడింది. జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా బయల్దేరి దారిలోనే నదిలో మునిగి చనిపోయాడు. మిగిలింది ఫ్రాన్స్ రాజు ఫిలిప్, ఇంగ్లండ్ రాజు రిచర్డ్. ఇద్దరికీ పొసగదు.

రిచర్డ్‌కు యుద్ధమంటే ముందు డబ్బు, ఆ తర్వాతే కత్తి. సింహాసనం ఎక్కగానే పదవులన్నీ అమ్మకానికి పెట్టాడు. తన తండ్రికి లొంగి ఉంటానని ఒట్టు పెట్టిన స్కాట్లండ్ రాజును 10,000 మార్కుల వెండి తీసుకుని ఆ ఒట్టు నుంచి విడిపించాడు. కొనేవాడు దొరికితే లండన్‌నే అమ్మేసేవాణ్ణని అన్నట్టు అప్పటి రాతల్లో ఉంది. అయితే ఆ డబ్బుతో విలాసాలు చేయలేదు. ఓడలు సమకూర్చాడు. ఆ ఏటి ప్రభుత్వ జమాఖర్చుల్లో ఉప్పువేసి ఎండబెట్టిన పందులు సుమారు 14,000, గుర్రపు నాడాలు 60,000, ఇంకా జున్ను, చిక్కుళ్లు కనిపిస్తాయి. ఆ రోజుల్లో పవిత్రభూమికి బయల్దేరిన రాజుల్లో నాడాల లెక్క చూసుకుని వెళ్లినవాళ్లు అరుదు.

ఇదే లెక్క ఇంకో చోట ఎలా కనిపించిందో చూడండి. 1189 సెప్టెంబరు 3న పట్టాభిషేకం రోజున కానుకలతో వచ్చిన యూదు పెద్దలను కొట్టి తరిమారు. ఆ రాత్రే లండన్‌లో యూదుల ఇళ్లు తగలబడ్డాయి. రాజు కొందరిని శిక్షించి, యూదుల జోలికి పోవద్దని ఉత్తర్వు రాసి, కొద్ది నెలల్లో దేశం దాటాడు. 1190 మార్చిలో యార్క్ కోటలో తలదాచుకున్న యూదులు దాదాపు 150 మంది చనిపోయారు. గుంపు చేతికి చిక్కడం కంటే చావే నయమని చాలామంది తమవాళ్లను చంపుకుని తామూ పోయారు. ప్రాణాలకు భయం లేదన్న మాట నమ్మి బయటికొచ్చిన వాళ్లను గుంపు చంపేసింది. తర్వాత ఆ గుంపు తిన్నగా పెద్ద చర్చికి వెళ్లి, అక్కడ భద్రపరచిన అప్పు పత్రాలను అక్కడే కాల్చేసింది. దాడి వెనక అసలు కారణం ఆ పత్రాలేనని అర్థం కావడానికి పరిశోధన అక్కర్లేదు. యూదులకు రావాల్సిన బాకీలంటే అంతిమంగా ఖజానాకు చేరే సొమ్ము. అందుకే 1194లో రిచర్డ్ ప్రభుత్వం కొత్త ఏర్పాటు చేసింది: ప్రతి అప్పు పత్రానికీ నకలు ఉండాలి, ఆ నకలు మూడు తాళాల పెట్టెలో ఉండాలి. ఈసారి ఇళ్లు కాలినా ఖజానాకు నష్టం రాదు. మనుషుల భద్రతకు ఏమైనా చేశారా అంటే, పత్రాలకు చేసినంత చేయలేదు.

దారిలో సిసిలీలోని మెస్సీనా నగరాన్ని కొల్లగొట్టాడు. 1191 మేలో సైప్రస్ ద్వీపాన్ని నెల తిరక్కుండా గెలిచి, టెంప్లర్లనే సన్యాసి యోధుల సంఘానికి లక్ష బెజంట్ల బంగారు నాణేలకు అమ్మేశాడు. ఆ రెండూ క్రైస్తవ నేలలే. సైప్రస్ గెలుపు అనుకోకుండా దక్కింది, కానీ అతని పనులన్నిటిలో ఎక్కువ కాలం నిలిచింది అదే. ఆ ద్వీపం 1571 దాకా పశ్చిమ యూరప్ వాళ్ల చేతుల్లోనే ఉంది.

జూన్ 8న పవిత్రభూమి తీరంలోని ఏకర్ రేవు చేరాడు. ముట్టడి అప్పటికి దాదాపు రెండేళ్లుగా నడుస్తోంది. జులై 12న కోటలోని ముస్లిం దళం లొంగిపోయింది. షరతులు మూడు: సలాదీన్ 2,00,000 దినార్లు కట్టాలి, తన దగ్గరున్న దాదాపు 1,500 మంది క్రైస్తవ ఖైదీలను వదలాలి, హత్తీన్‌లో చేజిక్కించుకున్న ‘నిజమైన శిలువ’ను, అంటే ఏసును కొట్టిందని నమ్మిన శిలువ ముక్కను, తిరిగివ్వాలి. అవి తీరేదాకా కోట దళం రిచర్డ్ చేతిలో పూచీ. ఫిలిప్ తన పని అయిపోయిందని ఇంటిదారి పట్టాడు.

మొదటి వాయిదా దగ్గరే చిక్కొచ్చింది. సలాదీన్ కొలువులో ఉండి ఇదంతా కళ్లారా చూసిన బహావుద్దీన్ ఇబ్న్ షద్దాద్ రాసిందాన్ని బట్టి సొమ్ము సిద్ధమైంది. అయితే ఇచ్చిన వెంటనే తమవాళ్లను వదలాలి, మిగతా బాకీకి వేరే పూచీ తీసుకోవాలి, లేదా మీరే పూచీ ఇవ్వాలి అని సలాదీన్ పట్టుబట్టాడు. అవతలివాళ్లు ఒప్పుకోలేదు. ఎవరి మాట మీద ఎవరికీ నమ్మకం లేదు. రోజులు గడుస్తున్నాయి. ఆగస్టు వచ్చింది, యుద్ధానికి అనువైన కాలం కరిగిపోతోంది. సలాదీన్‌కు ఆలస్యం లాభమే. ఈ సంగతి రిచర్డ్‌కూ తెలుసు.

ఆగస్టు 20 మధ్యాహ్నం ఖైదీలను తాళ్లతో కట్టి అయ్యాదియా గుట్ట దగ్గరికి నడిపించారు. సలాదీన్ ముందు వరస కాపలాదార్లకు కనిపించేంత దగ్గర అది. అక్కడ కత్తులతో, ఈటెలతో చంపారు. కాపలాదార్లు ఆపాలని దూకారు గానీ వల్లకాలేదు. మర్నాడు పొద్దున వచ్చి శవాల్లో తమవాళ్లను గుర్తుపట్టారు. పెద్దపెద్ద నాయకులను, పనికొచ్చే బలశాలులను మాత్రం రిచర్డ్ మినహాయించాడు. వాళ్లకు ధర పలుకుతుంది.

కోపంలో చేశాడని సర్దిచెప్పేవాళ్లున్నారు. రిచర్డ్ సొంత మాటలు చూస్తే కోపం ఛాయ కూడా కనిపించదు. అక్టోబరులో క్లేర్వో మఠాధిపతికి రాసిన ఉత్తరంలో ఈ విషయం ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేశాడు: గడువు దాటింది, ఒప్పందం చెల్లలేదు, మా దగ్గరున్న సుమారు 2,600 మందిని చంపించాం, శిలువకూ ఖైదీలకూ బదులుగా పనికొస్తారని కొందరు గొప్పవాళ్లను ఉంచాం. బహావుద్దీన్ కూడా రెండు కారణాలు విన్నానంటాడు. ఒకటి ప్రతీకారం. రెండోది, దక్షిణాన అస్కలోన్ మీదికి దండెత్తబోతున్నవాడు ఇంతమంది శత్రువులను వెనక వదిలి వెళ్లలేడన్నది. శత్రువు కొలువులోని మనిషి ఈ రెండో కారణాన్ని రాసిపెట్టడం గమనించాలి. వాళ్లను కాపలా కాయాలంటే సైనికులు కావాలి, తిండి పెట్టాలంటే ధాన్యం కావాలి. రెండూ రిచర్డ్‌కు అవతల కావాలి. నాడాలు లెక్కపెట్టిన మనిషే ఇదీ లెక్కపెట్టాడు.

రెండు రోజుల్లో సైన్యం కదిలింది. ఏకర్ నుంచి జాఫా దాకా సముద్రపు ఒడ్డు వెంట దాదాపు మూడు వారాల నడక. సైన్యాలు నడిపిన ఎవరైనా ఇప్పటికీ చదువుకోదగ్గ నడక అది. ఒక పక్క సముద్రం, అందులో తిండి మోస్తూ సైన్యంతో సమానంగా సాగే ఓడలు. మధ్యలో గుర్రపు దళం. నేల వైపున కాలిబంట్లు గోడలా. ఆ కాలిబంట్లలో సగం మంది ఒకరోజు బాణాలు కాచుకుంటే, మిగతా సగం సముద్రం పక్కన విశ్రాంతిగా నడుస్తారు, మర్నాడు తారుమారు. ఎండ ముదరకముందే ఆగిపోతారు. రాత్రి పడుకోబోయే ముందు చాటింపు వేసేవాడు జెరూసలేంలోని ఏసు సమాధిని తలచుకుని మూడుసార్లు కేకపెడితే సైన్యమంతా కన్నీళ్లతో అందుకునేదట. మందపాటి ఉన్ని కవచాల మీద ఒంటికి పది బాణాల దాకా గుచ్చుకుని ఉన్నా వరస తప్పకుండా నడిచే మనుషులను చూశానని బహావుద్దీన్ రాశాడు. రాసింది శత్రువు కాబట్టి ఆ మెప్పుకు విలువ ఎక్కువ. సెప్టెంబరు 7న అర్సూఫ్ దగ్గర సలాదీన్ సైన్యం విరుచుకుపడింది. వెనక వరసలోని హాస్పిటలర్లు (టెంప్లర్లలాంటి మరో సన్యాసి యోధుల సంఘం) ఓర్పు చచ్చి ఆజ్ఞ లేకుండా దూకేశారు. రిచర్డ్ వాళ్లను తిట్టుకుంటూ కూర్చోలేదు. క్షణాల్లో మిగతా గుర్రపు దళాన్నీ దూకించి ఆ తప్పునే గెలుపుగా మార్చాడు.

జాఫా నుంచి జెరూసలేం దగ్గరే. 1192 జనవరిలో సైన్యం బైత్ నూబా చేరింది. అక్కడికి నగరం సుమారు 20 కిలోమీటర్లు. వాన, వడగళ్లు, బురద. రొట్టెలు నానిపోయాయి, ఇనుప కవచాలు తుప్పు పట్టాయి. అయినా మామూలు యాత్రికుల సంబరానికి అంతులేదు. ఇన్నాళ్ల కష్టం ఇంకో రోజు నడకతో తీరుతుంది. అప్పుడు ఆ నేల సంగతి తెలిసిన స్థానిక ప్రభువులు, టెంప్లర్లు, హాస్పిటలర్లు ఒక్కటే అడిగారు: గెలిచాం సరే, తర్వాత ఉంచుకునేదెవరు? వచ్చినవాళ్లంతా సమాధికి మొక్కి ఓడ ఎక్కేస్తారు. నగరానికీ సముద్రానికీ మధ్య దారిని కాచేదెవరు? రిచర్డ్ వాళ్ల మాట విన్నాడు. వెనక్కి తిరిగాడు.

జూన్‌లో మళ్లీ అక్కడికే వచ్చారు. ఈసారి ఎండ. జెరూసలేం చుట్టుపక్కల బావులను సలాదీన్ పాడుచేయించాడు. రిచర్డ్ తన మాట తేల్చి చెప్పాడు: మీరంతా వెళ్తామంటే తోటివాడిగా వస్తాను, నాయకుడిగా మాత్రం ఈ సైన్యాన్ని అక్కడికి తీసుకెళ్లను, సలాదీన్ బలం ఈజిప్టులో ఉంది, కొట్టాలంటే అక్కడ కొట్టాలి. ఇరవై మంది పెద్దలతో సభ వేస్తే వాళ్లూ ఈజిప్టు వైపే మొగ్గారు. ఫ్రెంచి వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల నాయకుడు బర్గండీ ప్రభువు రిచర్డ్‌ను వెక్కిరిస్తూ పాట కట్టించాడు. స్వయంగా పాటలు కట్టే రిచర్డ్ తిరుగు పాటతో జవాబిచ్చాడు. జులై మొదట్లో సైన్యం చీలికలు పేలికలై వెనుదిరిగింది.

అదే వారంలో జెరూసలేంలో సలాదీన్ పరిస్థితి కూడా బాగాలేదు. ముట్టడి వస్తే నిలబడతామని అతని సేనానులైన అమీర్లు గట్టిగా అనడం లేదు. రాత్రంతా నిద్రలేక ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకున్నాడని పక్కనున్న బహావుద్దీనే రాశాడు. కాబట్టి రిచర్డ్ తెగించి ఉంటే నగరం దొరికేదేమో. దొరికినా ఏడాది నిలిచేది కాదని నా నమ్మకం. 1192 సెప్టెంబరులో సలాదీన్‌తో కుదిరిన జాఫా ఒప్పందంతో చేతికొచ్చిన తీరప్రాంతం మాత్రం 1291 దాకా, మరో వందేళ్లు నిలిచింది. దాన్ని ఇచ్చింది తెగువ కాదు, తెగించకపోవడం. ఆ రోజు అతనికి చేతకానివాడన్న పేరే దక్కింది. శౌర్య గాథల్లో ఈ ఘట్టాన్ని వీలైనంత తొందరగా దాటేస్తారు. దాటలేనివాళ్లు దానికి ఒక కన్నీటి కథ తొడిగారు: నగరం కనిపించే గుట్ట దగ్గర, గెలవలేని నేను దాన్ని చూడతగనని కళ్లకు అంగీ అడ్డం పెట్టుకుని ఏడ్చాడట. వందేళ్లు దాటాక రాసిన ఫ్రెంచి కథనం అది. బాగుంది గానీ, మనిషి లెక్కను మనసుగా మార్చేసింది.

ఇక్కడే ‘ఆ కాలపు కొలత’ అనే వాదన వస్తుంది. పన్నెండో శతాబ్దపు మనిషిని ఇరవై ఒకటో శతాబ్దపు చట్టాలతో కొలవొద్దంటారు. సరే, కొలవొద్దు. ఆ కాలపు యుద్ధనీతి ప్రకారం షరతు తీరకపోతే పూచీలో ఉన్నవాళ్ల ప్రాణాలు గెలిచినవాడి ఇష్టం. క్రైస్తవ రచయితలు అయ్యాదియాను తప్పుపట్టలేదు, కొందరు సంతోషించారు కూడా. కానీ ఆ కాలంలో క్రైస్తవ రచయితలొక్కరే బతకలేదు. మర్నాడు పొద్దున శవాల్లో అన్నదమ్ములను వెతుక్కున్నవాళ్లదీ అదే కాలం. వాళ్ల కొలత ఎందుకు ఆ కాలపు కొలత కాదో నాకు ఎవరూ చెప్పలేదు. యార్క్ యూదులను అడిగినా ఇంకో కొలత దొరికేది.

రిచర్డ్‌ను తగ్గించగానే చాలామంది సలాదీన్‌ను ఎత్తడం మొదలుపెడతారు. అదీ పూర్తిగా నిజం కాదు. జెరూసలేం లొంగినప్పుడు ఊచకోత జరగనివ్వలేదు, 1099లో క్రూసేడర్లు చేసినదానితో పోలిస్తే అది చిన్న సంగతి కాదు. కానీ మగవాడికి పది దినార్లు, ఆడమనిషికి అయిదు కట్టలేని వేలమంది బానిసలయ్యారు. హత్తీన్ తర్వాత చేతికి చిక్కిన టెంప్లర్లను, హాస్పిటలర్లను రెండొందల మందికి పైగా వరసగా నరికించాడు. అయ్యాదియా తర్వాత దొరికిన క్రైస్తవులను దొరికినట్టే చంపించాడు. ఒకరు చెడ్డ కాబట్టి ఇంకొకరు మంచి అని తేల్చే పద్ధతి సినిమాకు పనికొస్తుంది, ఇక్కడ పనికిరాదు.

మరి ధైర్యం మాటేమిటి? ఉంది, కావలసినంత ఉంది. 1192 ఆగస్టు 5న జాఫా బయట పదీ పదిహేను గుర్రాలు, కొద్దిమంది కాలిబంట్లతో సలాదీన్ గుర్రపు దళాన్ని ఆపేశాడు. ఈటె పట్టుకుని వాళ్ల వరస ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కడే తిరిగినా ఎవరూ ముందుకు రాలేదని చెప్పింది మళ్లీ శత్రుపక్షమే. తర్వాతి తరాల్లో ముస్లిం తల్లులు ఏడ్చే పిల్లలను ‘అదుగో ఇంగ్లండ్ రాజు’ అని భయపెట్టేవాళ్లని ఫ్రెంచి రచయిత జ్వాన్‌వీల్ రాశాడు. వీరగాథ ఒక గట్టున ఎలా తయారైందో, బూచి కథ ఇంకో గట్టున అలాగే తయారైంది.

మిగతా గాథను నిలబెట్టింది ఖైదు, చావు. తిరుగు ప్రయాణంలో వియన్నా దగ్గర ఆస్ట్రియా ప్రభువు లియోపోల్డ్‌కు చిక్కాడు. ఏకర్‌లో తన జెండాను రిచర్డ్ కిందికి తోయించాడన్న పాత పగ లియోపోల్డ్‌కు ఉంది. జర్మన్ చక్రవర్తి ఆరో హెన్రీ అడిగిన విడుదల సొమ్ము 1,50,000 మార్కుల వెండి. దానికోసం ఇంగ్లండ్‌లో ఆదాయంలోనూ చరాస్తిలోనూ నాలుగో వంతు పన్ను వేశారు, చర్చిల వెండి గిన్నెలు కరిగాయి, మఠాల గొర్రెల ఉన్ని పోయింది. జనం తిట్టుకున్నారు గానీ కట్టారు. రాజుకు ఇంత ధర ఉందంటే గొప్పవాడే అయ్యుంటాడన్న భావన కూడా అలాంటప్పుడే పుడుతుంది. 1199లో శాలూ అనే చిన్న కోట గోడ మీదినుంచి వచ్చిన బాణం భుజంలో దిగి, పుండు కుళ్లి, ఏప్రిల్ 6న పోయాడు. కొట్టినవాణ్ణి మన్నించాడని కథ. రాజు కన్ను మూయగానే వాణ్ణి తోలు ఒలిచి చంపారని అదే కథలో రెండో సగం.

నన్నడిగితే, ఆ కాలంలో అంతటి సేనాని యూరప్‌లో లేడు. తెగువకు మించి తిండి, నీళ్లు, దారి, గడువు తెలిసినవాడు కావడం వల్లే ఆ మాట అంటున్నాను. ఆ తెలివే బైత్ నూబాలో వేలమంది సొంత సైనికుల ప్రాణాలు కాపాడింది, ఆ తెలివే అయ్యాదియాలో 2,700 మందిని ఖర్చు పద్దులో రాసింది. మొదటిది అతని గొప్ప, రెండోది ఒక పొరపాటు అని విడదీయడం కుదరదు. కాబట్టి సేనానిగా చదువుకోవచ్చు, పిల్లలకు వీరుడని చూపించే పని మాత్రం నేను చేయను.

జాఫా ఒప్పందం ప్రకారం ఆయుధాలు లేకుండా వచ్చే క్రైస్తవ యాత్రికులకు జెరూసలేం తలుపులు తెరుచుకున్నాయి. మూడేళ్ల ఎనిమిది నెలల సంధి. తన సైనికులు గుంపులుగా వెళ్లి సమాధికి మొక్కి వచ్చారు, సాల్స్‌బరీ బిషప్ హ్యూబర్ట్ వాల్టర్‌కు సలాదీన్ దర్శనమిచ్చి అక్కడ లాటిన్ పూజారులను ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు. రిచర్డ్ మాత్రం వెళ్లలేదు. జ్వరంతో మంచం మీద ఉన్నాడు. అతనికి పళ్లు, మంచు పంపింది కూడా సలాదీనే. ఆ మంచం మీదినుంచే ఒక కబురు పెట్టాడు: నా చీటీ లేకుండా వచ్చే ఫ్రెంచి వాళ్లను లోపలికి రానివ్వొద్దు, జాఫాలో నాకు అక్కరకు రాలేదు వాళ్లు. ఇంత దూరం మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లను ఆపడం తన మతం ఒప్పుకోదని జవాబిచ్చి, సలాదీన్ అందరినీ రానిచ్చాడు.